వీపు కాగితం మీద తేదీ

రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, ఒక లుంగీ, తువ్వాలు, సబ్బుపెట్టె. ఇంటర్వ్యూకి కట్టుకోవాల్సిన టై నలిగిపోకుండా అట్టముక్కకి చుట్టి చొక్కాల మధ్య పెట్టాను. దాని మీద చపాతీల పొట్లం. అన్నిటికన్నా పైన ఒక ప్లాస్టిక్ ఫైలు. ఆ ఫైలులో ఏమీ లేదు.

"ఖాళీ ఫైలెందుకు పెద్దమ్మా?" అన్నాడు ఉమామహేశ్, గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ.

"ఉండనీ నాయనా. బరువా ఏమన్నానా?"

"బరువు కాదు, తెరిచి చూసినోళ్లు నవ్వుతారని."

"నవ్వనీ."

సంచి జిప్పు మూసి, మళ్లీ తెరిచి, చపాతీల పొట్లం పక్కకి జరిపి మళ్లీ మూశాను. సంచి సర్దటమంటే నాకు భయం. తొంభై మేలో మా ఆయన రహ్మాన్ బైండింగు గుడ్డ కోసం బందరు వెళ్తానంటే సంచి సర్దింది నేనే. మర్నాడే తుఫాను. అప్పటినుంచి మా ఇంట్లోంచి ఎవరు సంచితో బయల్దేరినా బీరువా తలుపు లోపలివైపు పెన్సిలుతో తేదీ రాసుకుంటాను. మనిషి తిరిగొచ్చాక ఆ తేదీ పక్కన ఒక గీత గీస్తాను.

ఆ సంచి సంగతి చెప్పాలంటే ఆ వేసవి మొత్తం చెప్పాలి. కోపం తగ్గాక రాద్దామని ఏడేళ్లు ఆగాను. అది తగ్గేది కాదని తేలింది కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

మాది బెజవాడ వన్‌టౌన్. ముందు గదిలో బైండింగు పని, వెనక గదిలో కాపురం. నేను బడికి వెళ్లలేదు. ప్రెస్సు నుంచి మడతలు పెట్టటానికి వచ్చే ఫారాలే నా బడి. పదహారు పేజీల ఫారంలో ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది. అందుకని చాలా కథలు నాకు ముందు ముగింపు తెలిసి, తర్వాత మొదలు తెలిశాయి. అలా తెలుగు వచ్చేసింది. ఇంగ్లీషు మాత్రం అక్షరాలు, పేర్లు, తేదీల వరకే.

నా కూతురు నుస్రత్ ఇంజనీరింగు కాలేజీలో డీన్. ఊరి బయట వరిపొలాల మధ్య లేచిన కాలేజీల్లో అదొకటి. పేరు రాయను. డీన్ అంటే ఏంటని వీధిలోవాళ్లు అడిగితే నేను "టీచర్లకి టీచరు" అని చెప్పేదాన్ని.

"కాదమ్మీ," అనేది నుస్రత్. "టీచర్ల వెనక బెంచీ."

నిజంగానే దాని పని వెనక బెంచీలో. కొత్త లెక్చరర్లు పాఠం చెప్తుంటే వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చునేది. గంట అయ్యాక లెక్చరర్ని ఏమీ అనేది కాదు. ఓ పదిమంది పిల్లల నోటుపుస్తకాలు తీసుకుని, ఆ లెక్చరర్ ముందే తెరిచేది. "మీరేం చెప్పారో నేను విన్నాను. వీళ్లేం రాసుకున్నారో ఇద్దరం కలిసి చూద్దాం," అనేది. కొందరికి అది చచ్చే అవమానం. ఉమామహేశ్ ఒక్కడే ఎదురు అడిగాడు, "మేడమ్, క్లాసుకి వెళ్లకముందే తప్పు తెలుసుకునే దారేమీ లేదా?" అని.

ఉందని చెప్పి వాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చింది. పెడనలో మగ్గం నేసే ఇంటి కుర్రాడు. ఇరవయ్యారేళ్లుంటాయి. ఎం.టెక్. చదివి, సత్యనారాయణపురంలో గది తీసుకుని ఉండేవాడు. ప్రతి శనివారం సాయంత్రం మా ముందు గదిలో చిన్న నల్లబల్ల గోడకి ఆనించి, వచ్చే వారం చెప్పబోయే పాఠం తెలుగులో చెప్పేవాడు. వినేది నేను. నా పని నేను చేసుకుంటూ ఉండాలి. నుస్రత్ చూసేది వాణ్ణి కాదు, నా చేతుల్ని.

తొంభై తొమ్మిది ఏప్రిల్లో ఒక శనివారం బాగా గుర్తుంది.

"దూలం మీద బరువు పెడితే అది వంగుద్ది పెద్దమ్మా. వంగినప్పుడు పైభాగం నొక్కుకుంటది, కిందిభాగం సాగుద్ది. అందువల్ల..."

"ఆగాయి," అంది నుస్రత్.

నా చేతుల్లో ఫారం సగం మడతలో ఉంది. ఆగినట్టు నాకే తెలీదు.

"ఎక్కడ తెలీలేదు చెప్పండి," అన్నాడు.

"దూలం ఒకటే గదా. పైన నొక్కుకుని కింద సాగితే మరి మధ్యలో ఏమవుద్ది?"

నుస్రత్ నవ్వింది. "సెకండియర్లో అరవై మందిలో ఒక్కరూ అడగలేదమ్మీ ఈ ప్రశ్న."

"అడగరు మేడమ్. పెద్దమ్మలాగా వాళ్లకి చేతినిండా పని ఉండదు గదా," అన్నాడు వాడు. తర్వాత బల్ల వైపు తిరిగి దూలం బొమ్మ మధ్యలో ఒక గీత గీసి, చెరిపేశాడు. నేనే లేచి, కుట్టి ఇంకా జిగురు పెట్టని పుస్తకం ఒకటి, జిగురు ఆరిన పుస్తకం ఒకటి తెచ్చి ముందు పెట్టాను. మొదటిది వంచితే సులువుగా వంగి, అంచులు మెట్లు మెట్లుగా జారాయి. రెండోది జిగురు పెట్టిన వైపు వంచబోతే మొరాయించింది.

"ఒకదాని మీద ఒకటి జారనిస్తే వంగుద్ది. జిగురు జారనియ్యదు. మీ పాఠంలో ఈ ముక్క ఉందా?" అన్నాను.

వాడు ఆ రెండు పుస్తకాలూ సోమవారం క్లాసుకి పట్టుకెళ్లాడు. ఆ వారం పిల్లల నోటుపుస్తకాల్లో దూలం బొమ్మ పక్కన పుస్తకం బొమ్మ ఉందని నుస్రత్ చెప్పింది. ఏడు అంకె రాస్తే నడుముకి అడ్డగీత పెట్టే అలవాటు వాడికి. సారుని చూసి పిల్లలు కూడా ఏడుకి గీత పెడుతున్నారని నవ్వింది.

ఆ కాలేజీలో పాఠం ఇలా ఉండేదనుకునేరు. అలా చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్క. రెండో సంవత్సరం మెకానికల్ పిల్లలకి ఆ ఏడు థర్మోడైనమిక్స్ చెప్పే మనిషే లేడు. టైమ్‌టేబుల్లో గంట ఉంది, గంటలో ఎవరూ లేరు. నూట ఇరవై మంది కిటికీల్లోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. నుస్రత్ ఏడాదిలో ఆరు ఉత్తరాలు రాసింది. అన్నిటికీ కాలేజీ ఆఫీసు నడిపే ఏ.వో. బాలశౌరి ఒకటే జవాబు చెప్పాడట: "బజార్లో గైడు దొరుకుద్ది గదా మేడమ్. బాగా చదివేవాడికి లెక్చరర్ ఎందుకు, చదవనోడికి ఎంతమంది ఉంటే ఏం లాభం?"

జూన్‌లో హైదరాబాదు నుంచి కమిటీ వస్తుందన్నారు. కొత్తగా అరవై సీట్లు కావాలంటే కమిటీ వచ్చి చూడాలి. ఇన్‌స్పెక్షన్ అనగానే కాలేజీలో పెళ్లి సందడి. సున్నాలు, కుండీలు, వేరే కాలేజీ నుంచి లారీలో అరువొచ్చిన యంత్రాలు. నుస్రత్ ఇంటికొచ్చి చెప్తుంటే నవ్వులాటగానే ఉండేది, జూన్ నాలుగు దాకా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గవర్నరుపేట స్టేషనరీ కొట్టు రత్తయ్య రిక్షాలో కాగితాల కట్టలు దింపాడు. రూళ్లు గీసిన పెద్ద కాగితాలు, అప్పటికే రాసి ఉన్నాయి.

"దిల్షాద్ బేగం గారూ, ఆరు రిజిస్టర్లు. సగం కాగితాలు ఇవి, మిగతావి మంగళవారం పంపుతారంట. బుధవారం పొద్దున్నే కావాలి."

"మంగళవారం ఇచ్చి బుధవారమా? పుస్తకం వీపుకి రాసిన జిగురు ఆరొద్దా? మూడు రోజులన్నా చెక్కలో బిగించి ఉంచాలి."

"ఆరకపోయినా పర్లేదంట. ఇంకో మాట. కొత్తవాటిలా కనపడకూడదంట. అట్ట మీదికి పాత కాలికో గుడ్డ ఉంటే అది వెయ్యండి."

"పాతగా కనపడే కొత్త పుస్తకాలు ఎవరికయ్యా?"

"నాకేం తెలుసండీ. ఏదో కాలేజీ. నాకు చెప్పింది మీకు చెప్పా."

పాపం అతనికి నిజంగానే తెలీదు. ఆ కాలేజీవాళ్లకీ తెలీదు, రిజిస్టర్లు వెళ్లి చేరింది ఎవరింటికో. తెలిసినా బైండింగు చేసే ముసల్ది చదువుతుందని ఎవరనుకుంటారు?

కాగితాలు వరసలో పెట్టి మడత వేస్తుంటే ప్రతి భాగం చివరా ఒక పేరు, కింద ఒక సంతకం. పేరు నా కూతురిది. సంతకం నా కూతురిది కాదు. నుస్రత్ సంతకం నాకు తెలుసు, చివరి అక్షరం గాల్లోకి లేచి ఆగుతుంది. ఇది కిందికి వాలిపోయింది. తేదీలు చూశాను. ఒకటి 1996 అక్టోబరు 18. ఆరోజు నాకు కంటి శుక్లం ఆపరేషన్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టు కట్టిన కంటితో నేను పట్టుకున్న చెయ్యి నుస్రత్‌ది. తేదీలు నేను మరచిపోయే మనిషిని కాదు.

తర్వాత 1997 నాటి కాగితాలు. వాటిలో ప్రతి ఏడుకీ నడుముకి అడ్డగీత ఉంది.

నేను ఆ కట్ట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి చూశాను. గీతలు అలాగే ఉన్నాయి.

సాయంత్రం నుస్రత్ నిలబడే చదివింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏముంది అందులో?" అన్నాను.

"నేను మూడేళ్లు నెలనెలా మీటింగులు పెట్టానట. పద్నాలుగు మంది లెక్చరర్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని చూశానట. బాగా చెప్తున్నారని రాశానట." ఒక కాగితం తిప్పింది. "ఈ పద్నాలుగు మందీ లేరమ్మీ. మనుషులే లేరు. థర్మోడైనమిక్స్ బ్రహ్మాండంగా చెప్తున్న ఆయన కూడా ఉన్నాడు ఇందులో."

"నువ్వు నిజంగా రాసినవి ఏమయ్యాయి?"

"అవి చూపిస్తే సీట్లు రావు గదా."

దానికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ మాట నాకు సరిగ్గా వినపడలేదు కూడా.

మర్నాడు శనివారం. ఉమామహేశ్ ఎప్పటిలాగే వచ్చి నల్లబల్ల దించబోయాడు. నుస్రత్ ఒక కాగితం బల్ల ముందు పెట్టింది. వాడు చూశాడు. నా వైపు, జిగురు గిన్నె వైపు, బిగింపు చెక్కల వైపు చూశాడు. ఆ కాగితాలు ఎక్కడికి చేరాయో అప్పుడు అర్థమైంది వాడికి.

"సంతకాలు నేను పెట్టలేదు మేడమ్. అవి ఏ.వో. గారే పెట్టుకున్నారు."

"మిగతాదంతా?"

"నేనే. దస్తూరీ బాగుంటదని పిలిచారు."

"పిలిస్తే రాశారా?"

"నా ఒరిజినల్స్ వాళ్ల దగ్గరున్నయ్ మేడమ్."

ఆ మాటకి అర్థం ఆ కాలేజీల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఉద్యోగంలో చేరేరోజు లెక్చరర్ పదో తరగతి నుంచి ఎం.టెక్. దాకా అసలు సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో ఇచ్చెయ్యాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మధ్యలో వదిలేసి వెళ్లకుండా అట. పశువు మెడలో గుదికర్ర కట్టినట్టు. చట్టంలో ఎక్కడా లేదు, అయినా అందరూ ఇస్తారు. నుస్రత్‌వి కూడా అక్కడే ఉన్నాయి. ఉమామహేశ్‌కి జూన్ పద్నాలుగున వరంగల్లో పి.హెచ్‌డి. సీటుకి ఇంటర్వ్యూ. అసలు కాగితాలు చూపించందే లోపలికి రానివ్వరు. రెండు నెలలుగా అడుగుతున్నాడు. రిజిస్టర్లు రాసిపెట్టు, ఇన్‌స్పెక్షన్ అయిన సాయంత్రమే ఇస్తానన్నాడు బాలశౌరి.

నుస్రత్ ఆ కాగితం తీసి మళ్లీ కట్టలో పెట్టింది. తర్వాత అనకూడని మాట అంది.

"రెండేళ్లు వెనక బెంచీలో కూర్చుని నేను మీకు నేర్పింది ఈ దస్తూరీనేనా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "పిల్లలేం రాసుకుంటున్నారో చూడమన్నారు మేడమ్, చూశాను. నేనేం రాస్తున్నానో చూసేవాళ్లు ఉంటారనుకోలేదు."

"నుస్రత్, ఇక చాలు," అన్నాను.

టీ పెట్టాను. ముగ్గురం తాగాం. చివరికి నుస్రత్ అంది: "గురువారం ఇన్‌స్పెక్షన్. సాయంత్రం మీరు ఒరిజినల్స్ తీసుకోండి. అప్పటిదాకా నేను నోరెత్తను. మీరు వరంగల్ బస్సెక్కిన తర్వాత నేను రాయాల్సినవాళ్లకి రాస్తాను."

"మీ పేరు పోద్ది గదండీ ఆ నాలుగు రోజులూ."

"నాలుగు రోజులే గదా."

నాతో మాత్రం, "నీ పని నువ్వు చేసెయ్యమ్మీ. తిప్పి పంపితే అనుమానమొస్తుంది," అంది.

మంగళవారం మిగతా కాగితాలు వచ్చాయి. నేను కుట్టాను. నా చేతులు అంత అసహ్యంగా ఎప్పుడూ కుట్టలేదు. నూట ఇరవై మంది పిల్లల ఏడాది ఆ కుట్ల కింద ఉంది. వాళ్లలో ఎక్కువమంది పొలం అమ్మో, తాకట్టు పెట్టో కట్టిన ఫీజులతో వచ్చినవాళ్లు. మైలతుత్తం కలిపిన మైదా జిగురు వీపుకి రాసి, గుడ్డ వేసి, దాని మీద వీపు కాగితం అతికించాను. ఆ కాగితం మీద అట్ట వస్తుంది. తర్వాత దాన్ని ఎవరూ చూడరు.

మా ఆయనకి ఒక అలవాటు. ఏ పుస్తకం కట్టినా ఆ వీపు కాగితం మీద పెన్సిలుతో ఆరోజు తేదీ వేసేవాడు. పుస్తకం ఎప్పుడైనా విప్పి మళ్లీ కట్టాల్సి వస్తే, అది ఎన్నేళ్లు ఆగిందో తెలియాలని. ఆయన పోయాక ఆ అలవాటు నాకొచ్చింది. ముప్ఫైవేల పుస్తకాలకి వేసి ఉంటాను.

ఆరో రిజిస్టరు వీపు మీద 8-6-99 అని వేశాక చూసుకున్నాను. ఆరింటికీ వేశాను.

జిగురు తడిగానే ఉంది. బొటనవేలితో ఒక్కసారి రుద్దితే పోయేది. వేలు దగ్గరికి తీసుకెళ్లాను కూడా. ఇప్పుడు చెప్పక తప్పదు. రుద్దలేదు. ఎవరు చూస్తారులే అనుకున్నానో, ఒక్క నిజమన్నా ఇందులో ఉండనీ అనుకున్నానో నాకు తెలీదు. అట్టలు వేసి, చెక్కల్లో బిగించి, బుధవారం పొద్దున రత్తయ్యకి ఇచ్చేశాను.

గురువారం జరిగింది నుస్రత్ ఒక్కసారే చెప్పింది. కమిటీలో ముగ్గురు. పెద్దాయన రిటైరైన ప్రొఫెసరు. కాలేజీ ఛైర్మన్, బాలశౌరి, ప్రిన్సిపాల్, నుస్రత్ ఒక బల్ల చుట్టూ. ఆ ముసలాయన రిజిస్టరు చేతిలోకి తీసుకుని, చదవకముందే ముక్కు దగ్గర పెట్టుకున్నాడట. తర్వాత బాగా వెడల్పుగా తెరిచాడట. చెక్కలో ఒక్కరోజు కూడా ఆరని వీపు. అట్ట వీపు నుంచి ఊడి దూరం జరిగింది. ఆ సందులోకి చూశాడు. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూశాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా రిజిస్టరు నుస్రత్ వైపు తిప్పాడు.

"మేడమ్, ఇది తొంభై ఆరు నాటి రిజిస్టరు గదా. ఈ తేదీ ఏమిటి?"

నుస్రత్ చూసింది.

"మా అమ్మ చేతిరాతండీ," అంది.

అంతే అంది. నోరెత్తనని మాటిచ్చిన మనిషి, నన్ను చూసినట్టుగా ఆ అంకెల్ని చూసి అనేసింది. ఆ తర్వాత అడిగినవాటికి ఒక్కదానికీ అబద్ధం చెప్పలేదు. సంతకాలు నావి కావంది. ఆ పద్నాలుగు మంది లేరంది. రాత ఎవరిదని అడిగితే మాత్రం, "నేను చెప్పను," అంది.

ఇక్కడ న్యాయం జరిగిందనుకునేవాళ్లు ఉంటారు. ఛైర్మన్ నవ్వాడట. "బాగుందండీ. తల్లి బైండింగు, కూతురు సంతకం. కుటీర పరిశ్రమ ఇంట్లోనే పెట్టారన్నమాట మేడమ్ గారు." బాలశౌరి తల ఊపి, ఈ రికార్డులన్నీ డీన్ బాధ్యతేనని, ఆవిడ మూడేళ్లు ఏమీ రాయక ఇప్పుడు రాయించినట్టున్నారని చెప్పాడు. కమిటీలో మిగతా ఇద్దరు గడియారం చూసుకున్నారు. భోజనాలకి లేచారు. రొయ్యల ఇగురు, బందరు లడ్డు. ముసలాయన ఒక్కడే మజ్జిగ తాగి ఊరుకున్నాడట. ఆయన మజ్జిగ తాగటం వల్ల ఎవరికేం ఒరిగిందో నాకు అర్థం కాదు. రిపోర్టులో ఆయన సంతకం కూడా ఉంది. డీన్ రికార్డులు సరిగా నిర్వహించలేదు, చర్య తీసుకోవాలి అని ఒక వాక్యం. అరవై సీట్లు మంజూరు అని ఇంకో వాక్యం. థర్మోడైనమిక్స్ గురించి ఏ వాక్యమూ లేదు.

నుస్రత్ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చింది. రాజీనామా కాదు, తీసేశామని వాళ్లు రాసుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఉమామహేశ్ సంచీ బట్టలూ విడివిడిగా పట్టుకుని వచ్చాడు. వరంగల్ బస్సు నాలుగింటికి. వాడికి సంచి సర్దటం రాదు. లాక్కుని నేనే సర్దాను.

"ఇచ్చారా?" అన్నాను, ఇవ్వలేదని వాడి మొహంలో కనపడుతూనే ఉన్నా.

"రెండు కాగితాలు టైపు చేయించి పెట్టాడు పెద్దమ్మా బాలశౌరి గారు. ఒకదాంట్లో, మా డీన్ మేడమ్ చెప్తే రాశాను అని. ఇంకోదాంట్లో, నా అంతట నేనే రాశాను అని. మొదటిదాని మీద సంతకం పెడితే ఇప్పుడే ఒరిజినల్స్ తీసుకుపో. రెండోదైతే పోలీసు కేసు తర్వాత తీసుకో అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"మూడోది రాసిచ్చా. ఏ.వో. గారు చెప్తే రాశాను, సంతకాలు నావీ కావు, మేడమ్‌వీ కావు అని. చదివి చింపేశాడు. ఇంకోటి రాసిచ్చా. అదీ చింపాడు." బూటు తాడు ముడి వేసుకుంటూ నవ్వాడు. "ఎంత అందంగా రాస్తావయ్యా, చింపటానికి చేతులు రావట్లేదు అన్నాడు."

"మరి వరంగల్?"

"జిరాక్సులున్నయ్. కాళ్లు పట్టుకుని అడుగుతా. పదిహేను రోజుల టైమిస్తే ఏదో ఒకటి చేస్తాననీ."

అప్పుడు చెప్పాల్సింది. ఆ తేదీ నా కంటపడింది నాయనా, చెరపగలిగి చెరపలేదు అని. వాడు అలవాటుకొద్దీ పడిన తేదీ అనుకున్నాడు. నుస్రత్ కూడా అదే అనుకుంది. నేను చొక్కాలు మడతలు మార్చి మార్చి పెట్టాను. ఖాళీ ఫైలు పెట్టాను.

నుస్రత్ వెనక గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. వారం కిందట అన్న మాటకి ఏమన్నా అంటుందేమోనని చూశాను. అలాంటివి దానికి చేతకావు.

"వచ్చే శనివారం పాఠం ఏంటి?" అంది.

వాడు తలెత్తాడు. "స్తంభాలు మేడమ్. బరువుకి స్తంభం పక్కకి ఎందుకు వంగుద్దో."

"మా అమ్మ చేతులు ఆగకూడదు. సిద్ధమై రండి."

"అలాగే మేడమ్."

సంచి భుజానికి వేసుకుని వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ చెయ్యెత్తాడు. నేను లోపలికొచ్చి బీరువా తలుపు మీద తేదీ రాశాను.

వారం తర్వాత ఒక కార్డు వచ్చింది, జూన్ పదిహేను ముద్రతో. మా ఇంటి నంబరులో ఏడుకి గీత ఉంది. జిరాక్సులు చూసి ఇంటర్వ్యూ గది బయటే ఆపేశారట. ఇద్దరు ప్రొఫెసర్లు జాలిపడ్డారట. "ఈ ఫైలుతో పెడన వెళ్లి మా అమ్మకి మొహం చూపించలేను పెద్దమ్మా. ఏదన్నా చూసుకుని రాస్తాను," అని ఉంది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆగస్టులో వాళ్లమ్మ చౌడేశ్వరి పెడన నుంచి వచ్చి, మా ముందు గదిలో కూర్చుని ఆ నల్లబల్లనే చూస్తూ ఉండిపోయింది. బల్ల మీద వాడు గీసిన దూలం బొమ్మ ఇంకా ఉంది. సూరత్‌లో మరమగ్గాల దగ్గర కనపడ్డాడని తర్వాత ఎవరో అన్నారు. మేం రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి.

నుస్రత్ వకీలుని పెట్టి తన సర్టిఫికెట్లు మూడేళ్లకి తెచ్చుకుంది. ఇప్పుడు మా ముందు గదిలోనే డిప్లొమా పిల్లలకి పాఠం చెప్తోంది. ఉమామహేశ్‌వి కూడా ఇప్పించమంటే, అడగటానికి మీరెవరని అడిగిందట కోర్టు. అందుకని 2004లో నేనే వెళ్లాను ఆ కాలేజీకి. బాలశౌరి ఇప్పుడు డైరెక్టరు. గేటు లోపల పెద్ద బోర్డు, బోధనలో నాణ్యతే మా ధ్యేయమని. తెలుగులోనే ఉంది. పూర్తిగా చదివాను.

ఆఫీసులో ధనశ్రీ అని ఒకమ్మాయి. అదే కాలేజీలో చదువుకుని అక్కడే చేరిందట. పేరు చెప్పగానే, "దూలం పాఠానికి పుస్తకాలు వంచి చూపించిన సారేనా అండీ?" అంది. బీరువా తెరిచి ఒక గోధుమరంగు కవరు తీసింది. అన్నీ ఉన్నాయి. పదో తరగతి మార్కుల పత్రం అంచుల్ని పురుగు కొట్టేసింది. ముట్టుకోనిచ్చింది.

"ఇచ్చెయ్యమ్మా. వాళ్లమ్మకి ఇస్తాను."

"నేనివ్వగలిగితే ఇచ్చేదాన్నే అమ్మమ్మగారూ. రూలు ఒప్పుకోదండీ. ఆయనే స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి."

కవరు మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసింది. సంతకం కావాలట. ఆ గదిలో నిలబడి ఆ మాట విన్నాను.

ఉమామహేశ్ 1999 జూన్ 12, శనివారం, సాయంత్రం నాలుగు గంటల బస్సుకి వరంగల్ వెళ్లాడు. తిరిగి రాలేదు.